అడిగి తెస్తే అచ్చిరాని తీగ

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. కాదనను. నిన్న మా తార్నాక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రెండో అంతస్తు ఆవిడ ఒక వీడియో పెట్టింది. మెట్లు ఊడ్చే ఆమె కూతురు, పట్టుమని పదేళ్లు ఉండవు, కుండీ దగ్గర ఆగి అటూ ఇటూ చూసి మనీ ప్లాంటు తీగ ముక్క ఒకటి గిల్లి గౌను జేబులో పెట్టుకుంది. కింద ఆవిడ రాసిన మాట: ‘దొంగలున్నారు, అందరూ జాగ్రత్త.’ ఇదే ఆవిడ నెల కిందట ఇదే గ్రూపులో, ఆ మొక్కను తన ఆడపడుచు ఇంటి నుంచి ఎలా కాజేసుకొచ్చిందో నాలుగు నవ్వు బొమ్మలు తగిలించి మరీ చెప్పుకుంది. మనీ ప్లాంటు దొంగిలించి తెచ్చుకుంటేనే కలిసొస్తుందట కదా!

నేను రాయవలసినవి రాశాను. ఆ వీడియో తీసేసి ఆ తల్లికి క్షమాపణ చెప్పేదాకా ఊరుకోలేదు. మా ఆయన వచ్చి, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగాడు. వేసుకున్నాను. అయినా తగ్గలేదు. ఎందుకంటే ఈ కోపం నిన్న పుట్టింది కాదు. దీని వయసు నాకంటే పదేళ్లే తక్కువ.

మా నాయన యూనివర్సిటీ తోటలో మాలి. ఊళ్లో సేద్యం పోయాక మా అమ్మనీ, చంకలో ఉన్న నన్నూ తీసుకుని పట్నం వచ్చాడు. తోట వెనక వరసగా కట్టిన రేకుల ఇళ్లలో మాకో గదీ, వంట చేసుకోను చిన్న వసారా ఇచ్చారు. అప్పటి క్యాంపస్ ఇప్పటి వాళ్లకు చెబితే నమ్మరు. ఎక్కడ చూసినా బండలు, బండల మధ్య సీతాఫలం పొదలు, పొద్దున్నే నెమళ్ల అరుపులు. తార్నాక వైపు సాయంత్రం నడిచి వెళ్లడానికి భయపడేవాళ్లం, దారంతా తుమ్మచెట్లే. ఇప్పుడా దారిలో నాకు రోడ్డు దాటడానికే పావుగంట పడుతుంది.

మా లైనులో పిల్లలమందరం కోతి మూకే. సీమచింతకాయలు రాళ్లతో కొట్టి లంగా ఒడిలో నింపుకుని, వాచ్‌మన్ ఈల వినబడగానే బండల సందుల్లో దూరేవాళ్లం. ఒక్కోసారి మమ్మల్ని తరిమేది మా నాయనే. ఎంత తరిమినా కాయల సంగతి ఎత్తేవాడు కాదు. కొమ్మ విరిగిందా లేదా అన్నదే ఆయన గోల. ‘కాయ మళ్ల కాస్తది, కొమ్మ నీ అయ్య తెస్తడా?’ అని అరిచేవాడు, ఆ అయ్య తానేనన్నది మరచిపోయి. ఇంటికి వస్తే ఆయన వంటి నిండా ఎరువు వాసన. అమ్మ పొయ్యి మీద జొన్నరొట్టె చరుస్తుంటే ఆ మాడు వాసనా, ఈ ఎరువు వాసనా కలిసి మా ఇంటి వాసన అయ్యేది.

ఇంటి వెనక గోడకు ఆయన ఒక పలక బిగించాడు. దాని మీద ఖాళీ సీసాలు, టానిక్కువీ, సిరావీ, మూత పోయిన పచ్చళ్లవీ. అన్నిట్లో నీళ్లు, నీళ్లలో తీగ ముక్కలు. వేళ్లకు వెలుగు గిట్టదని గోధుమ రంగు సీసాలు ఏరి తెచ్చేవాడు. ప్రొఫెసర్ల క్వార్టర్సులోకి కొత్తవాళ్లు ఎవరు దిగినా ఆఫీసు నుంచి కబురొచ్చేది, ఫలానా ఇంటికి రెండు కుండీలు పంపమని. ఆ కుండీల్లో మా సీసాల్లో వేరు పోసుకున్న తీగలే వెళ్లేవి. అలా క్యాంపస్‌లో ఎవరి వరండా స్తంభానికి మనీ ప్లాంటు పాకినా అది మా నాయన చేతిదో, దాని పిల్లదో అయ్యుండేది. ఈ మాట ఆయన ఎన్నడూ ఎవరితోనూ అనలేదు.

ఆ క్వార్టర్సులో ఒక ప్రొఫెసర్ గారి భార్య, కోస్తా వైపు ఆవిడ, తన కూతురికి సాయంత్రం పూట ఇంగ్లీషూ, లెక్కలూ చెప్పేది. ఆ అమ్మాయిదీ నాదీ ఒకే ఈడు. క్యాంపస్ గేటు దగ్గర ఒక ఇంగ్లీషు మీడియం బడి ఉండేది, ఆరో తరగతిలో చేరాలంటే పరీక్ష పాసు కావాలి. మా నాయన ఒకరోజు ఆ ఇంటి ముందు నిలబడి, మా పిల్లను కూడా ఒక మూలకు కూసోబెట్టుకోండమ్మా అని అడిగాడు. ఆవిడ సరేనంది. ఇప్పుడు ఎంత కోపమున్నా ఆ మాట దాచను, ఆవిడ సరేనంది. ఆ అమ్మాయి పేము కుర్చీలో, నేను కింద చాప మీద. లోపలి నుంచి కాఫీ డికాషన్ వాసన వచ్చేది. మా ఇంట్లో లేని వాసన అది, నాకు ఇంగ్లీషు వాసన అంటే అదే అనిపించేది.

ఆ పరీక్ష మా నాయనకు ప్రాణం. ‘నేను లాబు బయట మొక్కలకు నీళ్లు పోస్తున్న. నా బిడ్డ లాబు లోపట కూసోవాలె’ అనేవాడు. రోజూ రాత్రి అన్నం ముందు నన్ను ఒక ఇంగ్లీషు మాట చెప్పమని, దాన్ని తనూ రెండుసార్లు అనుకుని అప్పుడు తినేవాడు.

ఒక సాయంత్రం మేడం వరండాలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు చేరారు. పెసరట్లూ కాఫీలూ అయ్యాయి. మాకు గుణకారం లెక్కలు ఇచ్చేసి ఆవిడ కబుర్లలో పడింది. స్తంభం చుట్టూ పాకిన మనీ ప్లాంటు మీదికి మాట మళ్లింది.

‘ఇది కొన్నదీ కాదు, అడిగిందీ కాదండీ’ అంది మేడం. ‘అడిగి తెస్తే అచ్చిరాదుగా! డీన్ గారింటికి పేరంటానికి వెళ్లినప్పుడు, ఆవిడ తాంబూలం తేవడానికి లోపలికెళ్లింది చూడండీ, పుటుక్కున తుంచి చీర కుచ్చిళ్లలో దాచేశా. ఏడాది తిరక్కుండా మా వారికి ప్రొఫెసర్ పోస్టు!’

అందరూ పగలబడి నవ్వారు. ‘అయితే నేను మీ తీగకు కన్నం వెయ్యాల్సిందే’ అంది ఒకావిడ. ‘వేసుకోండి, నేను అటు తిరిగి కూర్చుంటా’ అంది మేడం. ఆవిడ నిజంగానే అటు తిరిగి కూర్చుంది, ఈవిడ నిజంగానే తుంచుకుంది. మళ్లీ నవ్వులు.

నేను నవ్వలేదు. నాకు అది శాస్త్రంలా వినబడింది. చదువుకున్నవాళ్లు, ప్రొఫెసర్ల భార్యలు అంటున్నారు కదా. నాకు పరీక్ష పాసు కావాలి. మా ఇంటి వెనక పలక మీద ఇరవై సీసాల తీగ ఉన్న మాట నిజమే, కానీ నాయనది తీసుకుంటే అది దొంగతనం ఎలా అవుతుంది? తోటలోది తెంపినా నాయన చేతి కిందిదే. అచ్చిరావాలంటే పరాయిది కావాలి. పదేళ్ల బుర్రకు అంతకన్న మంచి లెక్క తట్టలేదు.

మర్నాడు మేడమూ, వాళ్ల అమ్మాయీ లోపలికి వెళ్లినప్పుడు చేతికందిన ఆకొకటి కాడతో సహా తుంచుకుని పుస్తకంలో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి ఖాళీ సిరా సీసాలో వేసి, మా నాయన సీసాల చివర నిలబెట్టాను. పదిహేను రోజులు చూశాను. ఆకు నిగనిగలాడుతూ పచ్చగానే ఉంది. వేరూ లేదు, చిగురూ లేదు. నాయన కంట పడనే పడింది. కింద పడింది ఏరుకొచ్చాననుకున్నాడు కాబోలు, నవ్వి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

‘గిది ఉత్త ఆకు బిడ్డా. ఏడాది ఉంచినా గిట్లనే పచ్చగ ఉంటది గాని ముందటికి పోదు. తీగకు కణుపు ఉండాలె. చెరుకుకు ఉంటది సూడు, గట్లనే. గీ కణుపు కాడ చిన్న బొడిపె ఉన్నదా? గదే వేరైతది.’

నడుముకు కట్టుకున్న గుడ్డలోంచి బ్లేడు ముక్క తీసి ఒక తీగ మీద చూపించాడు. కణుపు కింద వేలు మందం విడిచి ఏటవాలుగా కొయ్యాలి. గోరుతో గిల్లితే నలిగి కుళ్లుతుంది. నీళ్లలో మునిగే ఆకు తీసెయ్యాలి, కణుపు మాత్రం మునగాలి. మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. నేను శ్రద్ధగా విన్నాను. ఏ ఇంట్లో ఏ పని చెయ్యడానికి నేర్పుతున్నాడో పాపం ఆయనకు తెలియదు. ఆ బ్లేడు ముక్కను ఆ రాత్రే నా పుస్తకాల సంచిలో వేసుకున్నాను.

రెండోసారి దొరికిపోయాను. మొదటిసారి ఆకు గిల్లడానికి చిటికె చాలింది. ఈసారి కణుపు వెతకాలి, కింద వేలు మందం కొలవాలి, ఏటవాలుగా కొయ్యాలి. ఆ పెసరట్ల సాయంత్రంలాగే ఆడవాళ్లంతా వచ్చి ఉన్నారు, లోపల కూర్చున్నారు. తీగ చేతిలోకి వచ్చేసరికి గుమ్మంలో మేడం.

‘ఏయ్, ఏం చేస్తున్నావే అక్కడ? చేతిలో ఏంటది? అమ్మో, బ్లేడు కూడానా!’

అందరూ బయటికి వచ్చారు. ఆవిడ గొంతు పెరిగింది. ‘పోనీ పాపం అని ఇంట్లో కూర్చోబెట్టుకుంటే ఇదీ వరస. ఇవాళ తీగ, రేపు వెండి గ్లాసు. అసలు ఎన్నాళ్ల నుంచి చేస్తున్నావే దొంగపనులు?’

నాకు నిజంగా అర్థం కాలేదు. ‘మీరే అన్నరు గద మేడం, దొంగతనంగ తెస్తెనే అచ్చొస్తదని. పరీక్ష పాసు గావాలని కోసిన.’

కన్నం వేసిన ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

‘నోర్ముయ్! మాలో మేం చేసుకునేది వేరు. అది సరదా’ అంది మేడం.

మాలో మేం. ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. వాళ్ల అమ్మాయి పేము కుర్చీలో కూర్చుని అంతా చూసింది, చూసి తల పుస్తకంలోకి దించుకుంది. ఆ పిల్ల మీద కూడా నాకు కోపమే. ‘అమ్మా, నువ్వే అన్నావుగా’ అని ఒక్క ముక్క అంటే దాని సొమ్మేం పోయేది?

తోటలోంచి మా నాయనను పిలిపించారు. మట్టి చేతులతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. మేడం చెప్పిందంతా నిలబడి విన్నాడు. నా చేతిలో తీగను చూశాడు, స్తంభం మీది తీగను చూశాడు. డీన్ గారింటి కుండీ ఆయనే నాటి, ఆయనే మోసుకెళ్లి ఇచ్చాడు. దాని పిల్లే ఇది. ‘అమ్మా, ఈ తీగ నేనిచ్చిందే గద’ అని ఒక్క మాట అంటాడని నేను ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను.

అనలేదు. ఆ మట్టి చేతులు రెండూ జోడించాడు. ‘తప్పైందమ్మా. చిన్నపిల్ల, తెల్వక చేసింది.’ నా వేళ్లు విప్పి తీగ తీసుకుని వరండా అంచున పెట్టాడు. ‘దండం పెట్టు మేడంకు’ అన్నాడు. పెట్టాను. ఆవిడ ఆ తీగను కాలితో మురుగు పారే మోరీలోకి నెట్టింది. అంత చక్కగా కోసిన తీగ. దాని మీదా కోపమేమిటో ఆవిడకు!

‘నువ్వు ఇంటికి నడువు’ అన్నాడు నాయన. తను అక్కడే ఉండిపోయాడు.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ రోట్లో పచ్చిమిరపకాయలు దంచుతోంది. అంతా విని రోకలి పక్కన పడేసింది. ‘అత్త పలగ్గొడితే అడుగోటి కుండ, కోడలు పలగ్గొడితే కొత్త కుండ. ఎక్కడన్న గంతే’ అంది. అంతలో నాయన వచ్చాడు.

‘రేపటి సంది మళ్ల పో బిడ్డా. మేడం ఏం అనదు. పరీక్ష దాంక చెప్తనని ఒప్పుకున్నది.’

‘ఉత్తగనే ఒప్పుకున్నదా?’ అంది అమ్మ.

ఆయన చెంబెడు నీళ్లు తాగి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

నేను వెళ్లలేదు. వెళ్లనని చెప్పనూ లేదు. మర్నాటి నుంచి రోజూ నాలుగింటికి సంచి తగిలించుకుని బయల్దేరి, మేడం ఇంటి సందు దాకా వచ్చి, అటు తిరక్కుండా క్యాంపస్‌లో నుంచి పోయే రైలు పట్టాలు దాటి బండల మీద కూర్చునేదాన్ని. మౌలాలి వైపు పోయే బండ్లను చూసేదాన్ని. దారిలో కోసుకున్న చింతచిగురు నమిలేదాన్ని. పుస్తకం తెరిస్తే సగం మాటలు నోరు తిరగవు, చెప్పేవాళ్లు లేరు. మూసేసేదాన్ని. మార్చి, ఏప్రిల్, మే. బండ మీద కూర్చుంటే లంగాలోంచి తొడలు కాలేవి. నేను వెళ్లకపోతే ఆవిడకు బుద్ధొస్తుందనుకున్నానో, నాయనకు బుద్ధొస్తుందనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. మొండితనం ఒక్కటే గుర్తుంది.

రాత్రి అన్నం ముందు నాయన మామూలుగానే అడిగేవాడు, ఇయ్యాల మేడం ఏం చెప్పింది అని. పాత మాటల్నే తిప్పి తిప్పి చెప్పేదాన్ని. ఆయన వాటినే కొత్తవాటిలా రెండుసార్లు అనుకుని తృప్తిగా తినేవాడు. ఆ రోజుల్లో ఆయన పొద్దు పొడవకముందే లేచి వెళ్లిపోయేవాడు. తోటలో కొత్త నారుమళ్ల పని పడిందన్నాడు. మేం నమ్మాం. ఒకే ఇంట్లో తండ్రీ కూతురూ ఒకరికొకరు అబద్ధం చెప్పుకుంటూ మూడు నెలలు గడిపాం.

పరీక్ష రాశాను. ఏం రాశానో నాకే తెలియదు. గేటు దగ్గర బోర్డు మీద పేర్లు అంటించిన రోజు నాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి నేనే చదవాలి. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. మేడం కూతురి పేరుంది. నా పేరు లేదు. లేదు నాయినా అన్నాను. ఇంకోసారి సూడు అన్నాడు. ఇంకోసారి చూశాను.

ఇంటికొచ్చి ఆయన స్నానం చేసి, పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. ‘మేడంను అడిగొస్త. వచ్చే ఏడాది మళ్ల రాయొచ్చునా, ఏం తక్కువైందో అడగాలె’ అన్నాడు. ఆయన్ని ఆపాలనుకున్నాను, ఆపలేదు. గడప మీద కూర్చున్నాను, ఆయన తిరిగొచ్చేదాకా కదల్లేదు.

వచ్చాడు. చొక్కా విప్పి వంకెకు తగిలించాడు.

‘నువ్వు పోనే లేదంట గద’ అన్నాడు.

ఆయన గోడకేసి చూస్తూ చెప్పాడు. ‘రోజు పొద్దున అడుగుతుంటి, మా పిల్ల మంచిగ చదువుతున్నదా మేడం అని. బాగానే చదువుతోందయ్యా అంటుండె. పేపరు చదువుకుంట చెప్తుండె.’

‘రోజు పొద్దున నువ్వు ఆడికెందుకు పోయినవ్?’ అంది అమ్మ.

అప్పుడు బయటపడింది. పరీక్ష దాకా నాకు చదువు చెబితే, డ్యూటీ ఎక్కకముందు రోజూ వాళ్ల తోట పనంతా చేస్తానని ఆ సాయంత్రమే ఆయన మాటిచ్చాడు. మూడు నెలలు వాళ్ల మొక్కలకు నీళ్లు పోశాడు, పాదులు తవ్వాడు, ఆ స్తంభం మీది తీగకు కూడా కొత్త మట్టి వేశాడు. ఆవిడ రోజూ ఆయన చేత పని చేయించుకుంది. నేను రావడం లేదని ఆవిడకు తెలుసు. ఒక్క పొద్దున, ఒక్క ముక్క, ‘నీ కూతురు రావడం లేదయ్యా’ అనడానికి ఆవిడకు నోరు రాలేదు. దొంగతనమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. కానీ ఆవిడ ఒక్కతే అనుకుంటే నా కోపం ఇన్నేళ్లు ఉండేది కాదు. ఆయన పోసిన ప్రతి బిందెడు నీళ్లూ ఎవరి కోసమో, అవి పారబోసిందెవరో నాకు తెలుసు.

అమ్మ చీపురు అందుకుంది. నాయన దాన్ని లాక్కుని మూలకు విసిరాడు. వచ్చి నా పక్కన గడప మీద కూర్చున్నాడు. ఆయన ఎన్నడూ నన్ను కొట్టినవాడు కాదు, ఈసారి కొడతాడని భుజాలు బిగించుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను.

‘మరి గన్ని దినాలు ఏడ కూసున్నవ్ బిడ్డా?’ అన్నాడు.

‘పట్టాల అవుతల. బండల మీద.’

ఆయన క్యాంపస్‌లో ఏ మూల ఏ చెట్టుందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి. ఆ మూలంతా మనసులో వెతుక్కున్నట్టున్నాడు. నా నడినెత్తి మీద చెయ్యి పెట్టాడు.

‘గంత ఎండల్నా? గాడ నీడ లేదు గద. గా దిక్కు నేను ఒక్క చెట్టు గూడ పెట్టకపోతి’ అన్నాడు.

ఆ రోజు ఆయన నన్ను నాలుగు దెబ్బలు వేసి ఉంటే నా కోపం అక్కడితో పోయేది. ఆయన వెయ్యలేదు.